సరిహద్దు తాలూకాల్లో పింఛను బదిలీ: ఆలస్యాలు, వివాదాలు, పరిష్కార మార్గాలు

విశ్రాంత ఉద్యోగికి గానీ, ఆయన తదనంతరం కుటుంబానికి గానీ రావలసిన పింఛను చెల్లించే చోటు మారితే దాన్ని పింఛను బదిలీ అంటారు. ఒక ట్రెజరీ నుంచి మరో ట్రెజరీకి, ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి ఈ మార్పు జరుగుతుంది. ఉద్యోగం మారినప్పుడు పాత సర్వీసు, భవిష్య నిధి కొత్త ఖాతాలో చేరడాన్ని కూడా వాడుకలో బదిలీ అనే అంటారు. ఈ వివాదాల్లో పింఛనుకు అర్హత ఉందా లేదా అన్న ప్రశ్న అరుదుగా వస్తుంది. అర్హత అందరూ ఒప్పుకున్నదే. కాగితం ఎవరి బల్ల మీద ఆగింది, ఆగినన్నాళ్ళ నష్టం ఎవరు భరించాలి అన్నదే అసలు తగాదా.

కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో కోలారు నుంచి విడిపడింది. బాగేపల్లి, గుడిబండ, చింతామణి, శిడ్లఘట్ట, గౌరిబిదనూరు తాలూకాలు ఇందులోవే. బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్ళే జాతీయ రహదారి బాగేపల్లి దాటగానే ఆంధ్రప్రదేశ్‌లో అడుగు పెడుతుంది. ఇక్కడ చాలా ఇళ్ళలో మాట తెలుగు, ఆఫీసులో రాత కన్నడం. సంబంధాలు కలుపుకునేది హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు. యోగి, కవి కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ పాడిన నేల ఇది. సర్వీసు పుస్తకానికి మాత్రం ఒక్క భాషే వచ్చు. బాగేపల్లి బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు హిందూపురంలో ఉన్న కొడుకు దగ్గరికి చేరడం, అనంతపురంలో ఉద్యోగం చేసినాయన చింతామణిలో సొంత ఊరికి తిరిగి రావడం ఇక్కడ మామూలు సంగతి. వాళ్ళ వెనకాలే పింఛను కూడా సరిహద్దు దాటాలి.

కాగితం నడిచే దారి

కర్ణాటక ప్రభుత్వ ఉద్యోగి పదవీ విరమణకు ముందే ఆయన పనిచేసిన కార్యాలయం పింఛను కాగితాలు సిద్ధం చేసి బెంగళూరులోని అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి పంపాలి. జనం నోట ఇది ‘ఏజీ ఆఫీసు’. సర్వీసు లెక్క, ఆఖరి జీతం సరిచూసి ఏజీ ఆఫీసు పింఛను చెల్లింపు ఉత్తర్వు ఇస్తుంది. పీపీవో అనేది ఇదే. దానికి రెండు భాగాలు: ఒకటి చెల్లించేవారి దగ్గర, రెండోది పింఛనుదారు చేతిలో. జిల్లా కేంద్రంలో ట్రెజరీ, తాలూకా కేంద్రాల్లో సబ్ ట్రెజరీ ఉంటాయి. ట్రెజరీ నేరుగా గానీ బ్యాంకు ద్వారా గానీ డబ్బు జమ చేస్తుంది.

అంటే మామూలు రోజుల్లోనే నాలుగు బల్లలు: మాతృశాఖ, ఏజీ, ట్రెజరీ, బ్యాంకు. రాష్ట్రం దాటితే ఇవి ఆరో ఏడో అవుతాయి. బాగేపల్లి సబ్ ట్రెజరీలో పింఛను తీసుకుంటున్న వ్యక్తి హిందూపురానికి మార్చమని అర్జీ పెడితే, ఆ ట్రెజరీ ఎప్పటిదాకా చెల్లించిందో రాసి పీపీవో రెండు భాగాలనూ కర్ణాటక ఏజీకి తిప్పి పంపుతుంది. కర్ణాటక ఏజీ ప్రత్యేక ముద్ర వేసిన అధికార పత్రాన్ని ఆంధ్రప్రదేశ్ ఏజీకి పంపుతారు. ఈ కార్యాలయాల వాడుకలో ఇది ‘స్పెషల్ సీల్ అథారిటీ’. విజయవాడలోని ఏజీ కార్యాలయం ఆ ముద్రను సరిచూసుకుని అక్కడి ట్రెజరీకి తన ఉత్తర్వు ఇస్తుంది. అది చేరేదాకా కొత్త ట్రెజరీ రూపాయి ఇవ్వదు. చివరి చెల్లింపు రాసి ఇచ్చేసింది కాబట్టి పాత ట్రెజరీ కూడా ఇవ్వదు. బాగేపల్లి నుంచి హిందూపురానికి బస్సులో ఒక పూట కూడా పట్టదు. కాగితం మాత్రం బెంగళూరు, విజయవాడ చుట్టి రావాలి. వివాదాలు పుట్టేది ఎక్కువగా ఈ మధ్యకాలంలోనే.

బదిలీ అయ్యాక కూడా ఒక తేడా మిగిలిపోతుంది. చెల్లించేది ఆంధ్రప్రదేశ్ ట్రెజరీ అయినా పింఛను కర్ణాటకది. కాబట్టి కరువు భత్యం కర్ణాటక రేట్ల ప్రకారమే ఇవ్వాలి. కర్ణాటక భత్యం పెంచిన ప్రతిసారీ ఆ ఉత్తర్వు పక్క రాష్ట్రపు ట్రెజరీ దాకా చేరాలి. చేరకపోతే చింతామణిలో ఉన్న తోటి ఉద్యోగికి పెరిగిన మొత్తం వస్తుంది, మదనపల్లెకు మారినాయనకు పాతదే వస్తుంది. తేడా చిన్నది కాబట్టి చాలామంది ఏళ్ళ తరబడి గమనించరు. గమనించాక బకాయిల లెక్క మొదలవుతుంది. ఒక రాష్ట్రం తరఫున మరో రాష్ట్రం ఖర్చు పెట్టిన డబ్బు ఏజీల లెక్కల ద్వారా, రిజర్వు బ్యాంకు పుస్తకాల్లో తర్వాత సర్దుబాటవుతుంది. ఆ సర్దుబాటు ఎప్పుడైనా జరగనివ్వండి, పింఛనుదారుకు దానితో పనిలేదు. ‘అవతలి రాష్ట్రం నుంచి డబ్బు రాలేదు’ అని ఎవరైనా ట్రెజరీలో చెబితే అది చెల్లని కారణం.

పేరు దగ్గర మరో చిక్కు ఉంది. ఆంధ్ర రికార్డుల్లో ఇంటిపేరు ముందు నిలబడుతుంది; కర్ణాటక రికార్డుల్లో ఊరి పేరు, తండ్రి పేరు పొడి అక్షరాలవుతాయి. సర్వీసు పుస్తకంలో ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు, బ్యాంకు పుస్తకంలో మూడో తీరు. కుటుంబ పింఛనులో ఇది మరీ ఇబ్బంది పెడుతుంది. భర్త బతికి ఉండగా భార్య పేరు ఎక్కడా సరిగా రాయించి ఉండరు. ఆయన పోయాక ఆ పేరు తనదేనని ఆమె రుజువు చేసుకోవాలి. పదవీ విరమణకు ముందే పీపీవోలో జీవిత భాగస్వామి పేరు, జంట ఫోటో సరిగా ఉన్నాయా అని చూసుకోవడం కంటే చవకైన పరిష్కారం ఈ రంగంలో మరొకటి లేదు.

రాష్ట్రాలు మారినప్పుడు

పింఛను సరిహద్దు దాటడం కొత్త సమస్య కాదు. కొన్నిసార్లు సరిహద్దులే మనుషుల మీదుగా జరిగాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి ప్రాంతం మైసూరులో కలిసింది. 1956 నవంబరు 1న బొంబాయి, హైదరాబాదు, మద్రాసు రాష్ట్రాల్లోని కన్నడ ప్రాంతాలూ కొడగూ వచ్చి చేరాయి. అలా కలిసినప్పుడల్లా పాత ప్రభుత్వం కింద చేసిన సర్వీసుకు పింఛను ఎవరివ్వాలన్నది చట్టంలో రాసుకోవలసి వచ్చింది. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలో 59వ సెక్షను, ఎనిమిదో షెడ్యూలు ఇందుకోసమే. ఉమ్మడి రాష్ట్రపు పింఛను భారాన్ని రెండు రాష్ట్రాలూ జనాభా ప్రకారం 58.32, 41.68 శాతం చొప్పున పంచుకోవాలి. ఆ పంపకంలో తేడాలొస్తే అవి ప్రభుత్వాలు తేల్చుకోవలసినవి. పింఛనుదారు తన ట్రెజరీ నుంచే తీసుకుంటాడు.

ఉద్యోగి రాష్ట్ర సర్వీసు నుంచి కేంద్ర సర్వీసుకు వెళ్ళినప్పుడు కూడా గతంలో ఇలాంటి పంపకమే ఉండేది. 1987 ఏప్రిల్ నుంచి దాన్ని వదిలేశారు. ఆఖరున శాశ్వతంగా ఏ ప్రభుత్వంలో ఉన్నాడో ఆ ప్రభుత్వమే పింఛను మొత్తం భరిస్తుంది. అయితే పాత సర్వీసు కలవాలంటే కొత్త ఉద్యోగానికి అర్జీ పాత శాఖ ద్వారానే వెళ్ళి ఉండాలి. చెప్పకుండా రాజీనామా చేసి వెళ్ళినవాడి పాత సర్వీసు లెక్కకు రాదు. ముప్పయ్యేళ్ళ కిందటి ఒక అనుమతి లేఖ కోసం రిటైరయ్యాక వెతుకులాడేవాళ్ళు ఇందువల్లే కనిపిస్తారు.

న్యాయస్థానాలు చెప్పింది

పింఛను ప్రభుత్వ దయాదానం కాదని సుప్రీంకోర్టు 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులోనే చెప్పింది. అది ఆస్తి అని కూడా అంది. 1982 డిసెంబరు 17న వచ్చిన డి.ఎస్. నకారా తీర్పు ఆ మాటను ఇంటింటికీ చేర్చింది. ఆ తేదీనే పింఛనుదారుల దినంగా జరుపుకుంటారు. ఆలస్యం విషయంలో మాత్రం ముఖ్యమైనది 1984 నాటి పద్మనాభన్ నాయర్ తీర్పు. కేరళకు చెందిన ఆ కేసులో, పింఛను, గ్రాట్యుటీ చెల్లింపులో దోషపూరితమైన ఆలస్యం జరిగితే మార్కెట్ రేటున వడ్డీ కట్టాల్సిందేనని కోర్టు తేల్చింది. 2008లో ఎస్.కె. దువా కేసు మరో మెట్టు ఎక్కింది: నిబంధనల్లో వడ్డీ ఊసు లేకపోయినా రాజ్యాంగంలోని 14, 19, 21 అధికరణాల ఆధారంగా అడగవచ్చు. 2013లో ఝార్ఖండ్ కేసులో 300ఎ అధికరణం వచ్చింది. చట్టం అనుమతిస్తే తప్ప పింఛనును ఆపే వీలు లేదు.

తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ ఆంధ్రప్రదేశ్‌దే. కోవిడ్ మొదలైనప్పుడు 2020 మార్చి 31న రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి జీతాల్లో, పింఛన్లలో కొంత భాగాన్ని వాయిదా వేసింది. విశ్రాంత జిల్లా జడ్జి ఒకరు దీన్ని ప్రజాప్రయోజన వ్యాజ్యంగా హైకోర్టులో సవాలు చేశారు. ఆపిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో ఇవ్వమని హైకోర్టు ఆదేశించింది. వడ్డీ మీదే ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2021 ఫిబ్రవరి 8న కోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ బాధ్యతను కొట్టివేయలేదు: చేసిన పనికి జీతం, నిబంధనల ప్రకారం వచ్చే పింఛను హక్కులు, వాయిదా వేసినందుకు వడ్డీ శిక్ష కాదు, తన దగ్గర అట్టేపెట్టుకున్న డబ్బుకు బదులు. ఆర్థిక ఇబ్బంది అనే కారణం వినే ప్రతి పింఛనుదారూ గుర్తుంచుకోదగ్గ తీర్పు ఇది.

బదిలీ సమయంలో ఎదురయ్యే ఇంకో వివాదం రికవరీ. కాగితాలు ఏజీ దాకా వెళ్ళినప్పుడు పాత వేతన స్థిరీకరణలో తప్పు బయటపడుతుంది. ఎక్కువ ఇచ్చాం, తిరిగి కట్టమంటారు. 2014 నాటి రఫీక్ మసీహ్ తీర్పు ప్రకారం మూడో, నాలుగో తరగతి ఉద్యోగుల నుంచి, రిటైరైనవారి నుంచి, ఏడాదిలో రిటైరయ్యేవారి నుంచి, ఐదేళ్ళకు పైగా పొరపాటున ఎక్కువ చెల్లించిన సందర్భాల్లో రాబట్టకూడదు. అయితే ఎక్కువ వస్తే తిరిగి ఇస్తానని ముందే హామీ పత్రం రాసిచ్చిన వ్యక్తికి ఈ రక్షణ వర్తించదని 2016లో జగదేవ్ సింగ్ కేసులో చెప్పారు. వేతన సవరణ సమయంలో చదవకుండా సంతకం పెట్టే కాగితాల్లో ఇది ఒకటి.

ఏ గుమ్మం ఎక్కాలి

కర్ణాటక రాష్ట్ర ఉద్యోగులు హైకోర్టుకు నేరుగా వెళ్ళలేరు. ముందు 1986లో ఏర్పడిన కర్ణాటక పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. చిక్కబళ్ళాపురం వాళ్ళకు అది బెంగళూరులోనే ఉంది కాబట్టి కలబురగి, బెళగావి వాళ్ళకున్నంత దూరాభారం ఎప్పుడూ లేదు. అక్కడి తీర్పు నచ్చకపోతే హైకోర్టు డివిజన్ బెంచి. సరిహద్దుకు అవతల పరిస్థితి వేరు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రాష్ట్ర ట్రిబ్యునల్ రద్దయింది, ఉద్యోగులు హైకోర్టుకే వెళ్తారు. ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి ఏడాది గడువుంది. పింఛను తక్కువ రావడం నెలనెలా కొనసాగే తప్పు కాబట్టి ఆలస్యంగా వచ్చినా వింటారు. కానీ 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం బకాయిలు సాధారణంగా మూడేళ్ళకే పరిమితం. పోరాడి గెలిచినా ఆలస్యంగా అడిగినవాడికి ఆలస్యం మేరకు నష్టం తప్పదు.

వకీలు అవసరం లేని దారి ఒకటుంది, దాని సంగతి చాలామందికి తెలియదు. 1984 నాటి కర్ణాటక లోకాయుక్త చట్టం ఉద్యోగుల నియామకాలు, జీతభత్యాలు, క్రమశిక్షణ వంటి సర్వీసు వ్యవహారాలను లోకాయుక్త పరిధి నుంచి తప్పించింది. కానీ అదే వాక్యంలో పింఛను, గ్రాట్యుటీ, భవిష్య నిధి లాంటి పదవీ విరమణ అనంతర హక్కులను మినహాయించి పరిధిలోనే ఉంచింది. లోకాయుక్త అంటే లంచాలు పట్టుకునే పోలీసులని జనం అనుకుంటారు. పింఛను ఫైలు ఎందుకు కదల్లేదని అడిగే అధికారం కూడా దానికుంది. సమాచార హక్కు చట్టం కింద పెట్టే అర్జీ కూడా ఇక్కడ మంచి పనిముట్టు. ‘నా పింఛను ఎప్పుడు?’ అని కాకుండా ‘నా ఫైలు ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్ళింది?’ అని అడిగితే ముప్పై రోజుల్లో బల్ల పేరు బయటపడుతుంది. తర్వాతి ఫిర్యాదు ఎవరి మీదో అప్పుడే తెలుస్తుంది.

ఆలస్యం బ్యాంకుది అయితే లెక్క మారిపోతుంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ప్రభుత్వ పింఛన్లు చెల్లించే బ్యాంకు గడువు దాటితే 8 శాతం వడ్డీ తనంతట తానే జమ చేయాలి, పింఛనుదారు అడగనక్కర్లేదు. 2008 అక్టోబరు 1 నుంచి జరిగిన ఆలస్యాలన్నిటికీ ఇది వర్తిస్తుంది. అడగకుండానే పరిహారం అన్నదే ఇందులోని గొప్ప. అయినా ఇవ్వకపోతే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. పాత మైసూరు ప్రాంతంలో ఎక్కువమందికి ఖాతాలున్న స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూర్ 2017లో స్టేట్ బ్యాంకులో కలిసింది. విజయా బ్యాంకు 2019లో బరోడాలో, సిండికేటు 2020లో కెనరాలో, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. శాఖల కోడ్‌లు మారాయి. ఇలాంటి బదిలీ పింఛనుదారు కోరింది కాదు, కాబట్టి అందులో జరిగిన తప్పుకు ఆయన బాధ్యుడూ కాదు.

ఆర్టీసీ, భవిష్య నిధి, కొత్త పింఛను

కర్ణాటక ఆర్టీసీకి చిక్కబళ్ళాపురం ఒక డివిజన్. చింతామణి, బాగేపల్లిలో డిపోలున్నాయి. ఈ డ్రైవర్లు, కండక్టర్లకు ప్రభుత్వ పింఛను లేదు, 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకమే దిక్కు. 2020 జనవరి 1న ప్రభుత్వంలో కలిసిన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఉద్యోగులకూ ఆ పథకం వదల్లేదు. కనీస పింఛను నెలకు 1000 రూపాయలు, 2014 నుంచి మారలేదు. ఈ పథకంలో పదేళ్ళ సర్వీసు ఉంటేనే నెలవారీ పింఛను. అందుకే ఒక యజమాని దగ్గర నుంచి మరొకరికి మారినప్పుడు పాత సర్వీసు కలవకపోవడం చిన్న పొరపాటు కాదు. డబ్బు బదిలీ అయి సర్వీసు చరిత్ర మాత్రం రాకపోతే, పన్నెండేళ్ళు పనిచేసినవాడు కూడా అర్హత లేనివాడుగా కనిపిస్తాడు. కొత్త ఉద్యోగంలో చేరిన నెలల్లోనే పాస్‌బుక్కు తీసి పాత సంస్థలో చేరిన తేదీ, వదిలిన తేదీ చూసుకోవాలి.

ఈ పథకంలోనే ఆలస్యానికి అధికారి జేబును తాకే నిబంధన ఉంది. అన్నీ సరిగా ఉన్న క్లెయిమును 20 రోజుల్లో తేల్చాలి. సరైన కారణం లేకుండా దాటితే 12 శాతం వడ్డీ కమిషనర్ మీద పడుతుంది, ఆయన జీతంలోంచి కోయవచ్చు. పైగా భవిష్య నిధి సభ్యులు వినియోగదారులేనని సుప్రీంకోర్టు 1999లో శివకుమార్ జోషి కేసులో అంది. కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. ప్రభుత్వ ఉద్యోగికి ఆ దారి లేదు. 2013లో జగ్‌మిత్తర్ సేన్ భగత్ కేసులో దాన్ని మూసేశారు. ఒకే వీధిలో పక్కపక్కన ఉండే విశ్రాంత కండక్టరు, విశ్రాంత గుమాస్తా ఒకే రకమైన ఆలస్యానికి రెండు వేర్వేరు చోట్లకు వెళ్ళాల్సి రావడం మన చట్టాల తీరు.

కర్ణాటకలో 2006 ఏప్రిల్ 1 నుంచి చేరినవారికి జాతీయ పింఛను పథకం వర్తిస్తుంది. ఇక్కడ బదిలీ అంటే ప్రాన్ అనే శాశ్వత సంఖ్య ఉన్న పింఛను ఖాతా కదలడం. తగాదా సాధారణంగా జీతంలో కోసిన చందా ఖాతాలో పడకపోవడం గురించి. 2006కు ముందే నోటిఫికేషన్ వచ్చి ఆ తర్వాత చేరిన సుమారు 13 వేల మందికి 2024 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం పాత పింఛను వర్తింపజేసింది. కొత్త పథకంలో పోగైన డబ్బు లెక్క తేల్చి వారిని పాత పద్ధతిలోకి తేవడం మరో రకం బదిలీ. ఈ పథకంపై ఫిర్యాదు ముందు కేంద్ర రికార్డుల సంస్థకు, తర్వాత పింఛను నిధుల నియంత్రణ సంస్థ పీఎఫ్‌ఆర్‌డీఏ అంబుడ్స్‌మన్‌కు వెళ్తుంది.

మాసాశనం

ఉద్యోగంతో సంబంధం లేని పింఛను మరొకటి ఉంది, దాన్నే మాసాశనం అంటారు: వృద్ధాప్య, వితంతు, వికలాంగ పింఛన్లు. పల్లెల్లో పింఛను అంటే ముందు గుర్తొచ్చేది ఇదే. 65 దాటినవారికి కర్ణాటక సంధ్యా సురక్షా పథకం నెలకు 1200 రూపాయలు ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వృద్ధాప్య పింఛను 4000, అదీ ఇంటి దగ్గరికి. బాగేపల్లి పొలిమేర పల్లెల్లో ఈ తేడా అందరికీ తెలుసు. అయినా ఇవి రాష్ట్ర పథకాలు, సరిహద్దు దాటవు. కూతురి దగ్గరికి ఆంధ్రకు వెళ్ళే తల్లి ఇక్కడిది రద్దు చేసుకుని అక్కడ కొత్తగా అర్జీ పెట్టుకోవాలి.

ఇక్కడ ఆలస్యానికి ప్రధాన కారణం మనియార్డరు నుంచి బ్యాంకు ఖాతాకు మారడం. ఆధార్ ఆధారిత చెల్లింపులో డబ్బు చివరిసారి ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే వెళ్తుంది. ఉపాధి హామీ కోసమో గ్యాసు రాయితీ కోసమో ఎప్పుడో తెరిచిన ఖాతాలో పింఛను పడుతూ ఉంటుంది. ముసలమ్మ మాత్రం నాడకచేరి అనే స్థానిక రెవెన్యూ కార్యాలయం చుట్టూ తిరుగుతుంటుంది. పింఛను రావడం లేదని అర్జీ పెట్టే ముందు ఆధార్ ఏ బ్యాంకుతో ముడిపడిందో చూపించుకుంటే సగం తగాదాలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే ప్రభుత్వ సేవలు గడువులోగా అందాలని చెప్పే కర్ణాటక చట్టం, 2012 నుంచి అమలవుతున్న ‘సకాల’ ఉంది. గడువు దాటిన సేవకు రోజుకు 20 రూపాయల చొప్పున 500 వరకు పరిహారం, అదీ బాధ్యుడైన ఉద్యోగి జీతంలోంచి. మొత్తం చిన్నదే. ఇరవై రూపాయల కోసం అప్పీలు చేసే వృద్ధులు ఎందరుంటారు? కానీ అర్జీకి సకాల నంబరు తీసుకున్నవాడి కాగితానికి గడువు తేదీ ఉంటుంది. నోటిమాటగా చెప్పి వచ్చినవాడికి ఉండదు.

మళ్ళీ ఉద్యోగ పింఛను బదిలీకి వస్తే, బ్రిటన్‌లో ప్రభుత్వరంగ పింఛను పథకాల మధ్య బదిలీకి పరస్పర ఒప్పందమే ఉంది, దాన్ని ట్రాన్స్‌ఫర్ క్లబ్ అంటారు. చట్టబద్ధమైన బదిలీకి ఆరు నెలల గడువు, ఆలస్యాలపై తీర్పు చెప్పేందుకు 1991 నుంచి ప్రత్యేక పెన్షన్స్ అంబుడ్స్‌మన్. మన దగ్గర అన్ని రకాల పింఛన్లకూ ఒకే గుమ్మం లేదు. కేంద్ర ఉద్యోగులకు ఆన్‌లైన్ ఫిర్యాదు వేదిక, పెన్షన్ అదాలత్‌లు నడుస్తున్నాయి. కర్ణాటక రెవెన్యూ శాఖ తాలూకాల్లో నిర్వహించే పింఛను అదాలత్‌లు ఎక్కువగా మాసాశనం కోసమే.

చోటు మార్చే అవసరమే లేకుండా చేయడం ఇంకో దారి. 2025 జనవరి నుంచి భవిష్య నిధి సంస్థ కేంద్రీకృత చెల్లింపు పద్ధతికి మారింది. ఆ పింఛనుదారులు దేశంలో ఏ బ్యాంకులోనైనా, ఏ శాఖలోనైనా తీసుకోవచ్చు, పీపీవో బదిలీ అక్కర్లేదు. చింతామణి డిపోలో రిటైరైన కండక్టరు ఇప్పుడు మదనపల్లెకు మారితే కదలాల్సిన కాగితం ఏమీ లేదు. ట్రెజరీలో రాష్ట్ర పింఛను తీసుకునే మాస్టారి పీపీవో మాత్రం రెండు భాగాలుగా ఇద్దరు అకౌంటెంట్ జనరళ్ళ మీదుగా వెళ్ళాల్సిందే. అందుకే చాలామంది అసలు బదిలీ అడగరు. పాత ఊళ్ళో ఖాతా అలాగే ఉంచి, ఏటీఎం కార్డు వెంట తీసుకెళ్ళి, ఏటా ఒకసారి జీవన ప్రమాణ పత్రం ఇచ్చి వస్తారు.